నల్లమల దారిలో ఒక్కడినే పోవాలా, తోడు చూసుకోవాలా?

నీలగిరి_కుర్రాడు (నల్లగొండ)

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో బైక్ మీద దేవరకొండ, డిండి, మన్ననూర్ మీదుగా శ్రీశైలం పోదామనుకుంటున్నా. వచ్చేటప్పుడు వీలుంటే సోమశిల, అలంపూర్ కూడా చూసుకుని రావాలి. వస్తామన్న ఫ్రెండ్స్ ఒక్కొక్కరే సెలవు దొరకలేదని, ఇంట్లో పని ఉందని జారుకున్నారు. ఒక్కడినే పోతానంటే మా అమ్మ "తోడు లేకుండా అడవి దారి పట్టొద్దు" అని ఒకటే పట్టు. బండి నడపడం నాకు కొత్త కాదు, బండి కండిషన్ కూడా బాగుంది. తోడు ఉంటే నిజంగా ఏం లాభం, ఎక్కడ అక్కరకొస్తుంది? తిరిగినవాళ్ళు చెప్పండి. "జాగ్రత్త తమ్మీ" అనే మాటతో సరిపెట్టకండి.

అడవిదారి (అచ్చంపేట)

తమ్మీ, ముందు దారి సంగతి. డిండి దాటి హాజీపూర్ చౌరస్తా వచ్చేదాకా ఇబ్బంది లేదు, ఊళ్ళు తగులుతూనే ఉంటాయి. మన్ననూర్ చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు వేసి ఉంటుంది, బండ్లు వదలరు. లోపల చాలాచోట్ల ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. ఒంటరిగా ఉన్నప్పుడు బండి ఆగిందంటే, బండినీ బ్యాగునూ రోడ్డు మీద వదిలి పోవాలి, లేదంటే ఎవరో ఒకరు ఆగేదాకా అక్కడే నిలబడాలి.

మొన్న ఎండాకాలం కళ్ళారా చూసింది చెప్తా. వటవర్లపల్లి దాటాక ఒక మలుపులో బావాబామ్మర్దులు ఇద్దరు బండి ఆపి ఉన్నారు. వెనక టైరు పంక్చరు. ట్యూబ్ టైరు కాబట్టి దారిలో పెట్టుకునే చిన్న కిట్టుతో పని జరగదు. నేను ఆగేసరికే పానాలతో వెనక చక్రం విప్పేసి, బండిని రాళ్ళ మీద నిలబెట్టారు. బామ్మర్ది ఆ చక్రం భుజాన వేసుకుని, వచ్చిన ఆర్టీసీ బస్సుకు చెయ్యెత్తి మన్ననూర్ పోయాడు. బావ కట్టె పట్టుకుని బ్యాగుల దగ్గర కూర్చున్నాడు. అరటిపండ్ల వాసనకు అప్పటికే కోతులు చుట్టూ చేరుతున్నాయి. నేను దోమలపెంటలో పని చూసుకుని తిరిగొచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు, బండి బాగు చేసుకుని వెళ్ళిపోయారు. ఒకరు పోవాలి, ఒకరు ఉండాలి. ఒక్కడివే అయితే ఈ రెండు పనులు ఎట్ల చేస్తావు?

హైవే_డ్రైవర్ (నార్కట్‌పల్లి)

అడవి గురించి అన్న చెప్పాడు, నేను నిద్ర గురించి చెప్తా. 65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్, విజయవాడ తిరగడమే నా బతుకుతెరువు. తెల్లవారుజామున 2 నుంచి 5 మధ్య ఎంత అలవాటున్న డ్రైవరుకైనా కళ్ళు బరువెక్కుతాయి. అసలు ప్రమాదం ఏందంటే, కునుకు పట్టిన సంగతి నడిపేవాడికే తెలియదు. కళ్ళు తెరిచే ఉంటాడు, నాలుగైదు సెకన్లు మెదడు పని చేయదు. 80 స్పీడులో సెకనుకు 22 మీటర్లు పోతాం. అయిదు సెకన్లంటే వంద మీటర్లకు పైనే బండి దానంతట అది పోయినట్టు.

పక్కన కూర్చున్నవాడికి ఇది ముందే తెలుస్తుంది. అడిగినదానికి జవాబు ఆలస్యంగా వస్తుంది, బండి గీత దాటి పక్కకు జరుగుతుంది, కారణం లేకుండా స్పీడు తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. మా క్లీనరుకు ఒక పద్ధతి ఉంది. ఉన్నట్టుండి "అన్నా, చిట్యాల దాటినమా?" అని అడుగుతాడు. నేను వెంటనే చెప్పలేకపోతే ఇంకేం మాట్లాడడు, "పక్కకు ఆపన్నా" అంటాడు. ఆపుతా. వయసులో నాకంటే చిన్నోడు, అయినా ఆ ఒక్క విషయంలో వాడి మాటే చెల్లాలని ముందే అనుకున్నాం. పాటలు పెట్టినా, మొహం కడుక్కున్నా నిద్ర పోదు, కాసేపు వాయిదా పడుతుంది అంతే. టీ తాగి 20 నిమిషాలు పడుకుంటేనే పోతుంది.

బైక్ వెనక కూర్చునేవాడిదీ ఇదే డ్యూటీ. వెనక కూర్చోగానే నిద్రపోయే మనిషైతే మాత్రం తీసుకుపోకు. వాడు తూలితే బండి కూడా తూలుతుంది.

ఒంటరి_బాటసారి (మహబూబ్‌నగర్)

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు, రెండో వైపు నన్ను చెప్పనివ్వండి. నేను ఆడమనిషిని, చాలావరకు ఒక్కదాన్నే తిరుగుతాను. అలంపూర్ నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించినవి. గుంపుతో పోతే జోగులాంబ దర్శనం, బాలబ్రహ్మేశ్వరుడి దర్శనం, ప్రసాదం, ఆ వెంటనే "పదండి, బస్సు టైమైంది". స్వర్గబ్రహ్మ ఆలయం గోడల మీద శిల్పాలు ఒక్కొక్కటే చూస్తూ పూటంతా నిలబడాలంటే పక్కన విసుక్కునే మనిషి ఉండకూడదు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోకుండా కూడవెల్లి నుంచి రాయి రాయీ విప్పి తెచ్చి మళ్ళీ కట్టిన సంగమేశ్వరాలయం కూడా అక్కడే ఉంది. నాతో వచ్చినవాళ్ళలో ఒక్కరూ దాన్ని చూద్దామనలేదు. మనసు కలవని తోడు కన్నా తోడు లేకపోవడమే నయం అని నా అభిప్రాయం. తమ్ముడూ, నీకు ఒంటరిగా పోవాలనిపిస్తే అది తప్పేం కాదు.

దేవరకొండ_టీచర్ (దేవరకొండ)

మేడమ్, మీరు చెప్పింది గుంపు గురించి. తోడు అంటే గుంపు కాదు, మనతో సమానంగా ఆసక్తి ఉన్న ఒక్క మనిషి దొరికితే చాలు. అలాంటి మనిషి ఉంటే ఒంటరిగా చూడలేనివి కూడా చూస్తాం.

నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది కదా. కుందూరు చోడుల కాలపు త్రికూటాలయం. గర్భగుడిలో శివలింగం మీద పొద్దున నుంచి సాయంత్రం దాకా స్తంభం నీడ కదలకుండా పడుతుంది. చాలామంది చూసి, దండం పెట్టి, ఫోటో తీసుకుని వస్తారు. అది ఏ స్తంభం నీడ? ఒక్కరే పోతే తేల్చుకోవడం కష్టం. నేను, మా స్కూల్లో ఫిజిక్స్ చెప్పే మేడమ్ కలిసి పోయాం. ఆవిడ మండపంలో ఒక్కో స్తంభం పక్కన నిలబడుతూ, మెల్లగా జరుగుతూ ఉంటే నేను లోపల లింగం వెనక గోడ మీద వెలుతురు ఎలా మారుతుందో చూస్తూ కేకవేసి చెప్పాను. తర్వాత స్థలాలు మార్చుకున్నాం. ఆ నీడ ఒకే స్తంభానిది కాదు, అటూ ఇటూ నుంచి వచ్చే వెలుతురును స్తంభాలు ఆపడం వల్ల ఏర్పడే నీడ అని ఆవిడ వివరిస్తే అప్పుడు అర్థమైంది. అంతకుముందు మా పిల్లలతో ఎన్నిసార్లు పోయినా నాకు ఆ ప్రశ్నే రాలేదు. అందుకే నాకు తోడులో అన్నిటికన్నా విలువైనది భద్రత కాదు, రెండో మనిషి చూపు.

గద్వాల_అత్తమ్మ (గద్వాల)

చదువుకున్నవాళ్ళు పెద్ద విషయాలు చెబుతున్నారు. నేను చిన్న విషయం చెప్తాను, కానీ ఆడవాళ్ళకు అదే పెద్దది.

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు. అప్పటి నుంచి మా వాడకట్టు ఆడవాళ్ళం బాగా తిరుగుతున్నాం. బీచుపల్లి, మన్యంకొండ, కార్తీకంలో కురుమూర్తి జాతర, శ్రీశైలం. ఛార్జీ భయం పోయింది కానీ దారిలో తిప్పలు పోలేదు. బస్సు ఏదో ఒక స్టేజీలో పది నిమిషాలు ఆగుతుంది. బాత్రూము ఎక్కడో వెనక, చీకట్లో ఉంటుంది. తలుపుకు గడియ ఉండదు. ఒక్కదాన్నే అయితే బ్యాగు ఎవరికి అప్పజెప్పాలి? లోపలికి పోతే బయట ఎవరున్నారో ఎలా తెలుస్తుంది? అందుకే ఎంతోమంది ఆడవాళ్ళు ప్రయాణమని పొద్దున నుంచి నీళ్ళు తాగకుండా కూర్చుంటారు, ఇంటికి వచ్చాక మూత్రంలో మంట, తలనొప్పి. తోడు ఉంటే ఒకరు తలుపు పట్టుకుంటారు, ఒకరు పోయొస్తారు. ఇంకొకరు ఉంటే బస్సులో కూర్చుని "డ్రైవరన్నా ఆగు, మా మనుషులు ఎక్కలేదు" అని కేకేస్తారు. ఆ కేక వేసే మనిషి లేక బస్సు వెళ్ళిపోయి, రాత్రిపూట బస్టాండులో చేతిసంచి కూడా లేకుండా నిలబడ్డ ఆమెను నేను చూశాను. ఫోను కూడా ఆ సంచిలోనే ఉండిపోయింది.

నేను, మా పక్కింటి వదిన ఎప్పుడూ ఒక మాట మీద ఉంటాం. ఒకరు దిగితే రెండోవారు దిగరు. ఆధార్ కార్డు ఎవరిది వారి రవికెలోనే.

మిర్యాలగూడ_చిట్టా (మిర్యాలగూడ)

అత్తమ్మా, మీ మాట అక్షరాలా నిజం. మా ఇంట్లో మగవాళ్ళందరికీ చదివి వినిపించాను.

వలసబాట (నారాయణపేట)

నాకు వయసు పైబడింది, టైపు మా మనవడు చేస్తున్నాడు.

మా పాలమూరు జనానికి తోడు అనేది సరదా ముచ్చట కాదు. నాగార్జునసాగర్ కట్టిన కాలం నుంచి దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబర్ అనే పేరు వినబడేది. మేము బొంబాయి, పుణె పోయినవాళ్ళం. మేస్త్రి అడ్వాన్సు ఇచ్చేవాడు, గుంపుగా బయలుదేరేవాళ్ళం. కొత్తగా వచ్చే పిల్లగాడిని ఒక పాత మనిషికి జతగాడిగా కలిపేవాళ్ళు. స్టేషన్లో దిగాక ఎటు నడవాలి, ఏ మాటకు ఏం జవాబు చెప్పాలి, ఏ పనికి ఒప్పుకోవద్దు, ఇవన్నీ పాత మనిషి నేర్పేవాడు.

అసలు అక్కర కూలి లెక్క దగ్గర పడేది. చదువు రాని మనిషి ఒక్కడే లెక్కకు పోతే మేస్త్రి చెప్పిందే లెక్క. మా చిన్నాయన రేకుల గుడిసెలో గోడ మీద బొగ్గుతో గీతలు గీసేవాడు. ఒక వరుస తనది, ఒక వరుస జతగాడిది. పని లేని రోజు గీత బదులు చుక్క. జతగాడు కూడా తన పక్క గోడ మీద అట్లనే గీసేవాడు. నెలాఖరున ఇద్దరూ ఒకరి గోడ ఒకరు చూసుకుని, సరిపోయాకే మేస్త్రి దగ్గరికి పోయేవాళ్ళు. ఇద్దరు ఒకే మాట చెబుతుంటే కాదనడం ఎవరికైనా కష్టమే. జ్వరమొస్తే గంజి కాచి పోసేది జతగాడే. ఊరికి పోయేవాడి చేతికి ఇంటి డబ్బు ఇచ్చి పంపేది కూడా ఆ నమ్మకం మీదనే. ఎవరైనా అక్కడే పోతే గుంపంతా చందా వేసుకుని శవాన్ని ఊరికి చేర్చేది. ఒంటరిగా పోయినవాళ్ళలో కొందరి జాడ నేటికీ తెలియదు. వాళ్ళ తల్లులు చివరిదాకా వాకిట్లో ఎదురుచూసే పోయారు.

బాబూ, మీ అమ్మ మాటలో ఇంత ఉంది. ఆమెకు ఇవన్నీ తెలియకపోవచ్చు కానీ ఆ మాట ఇట్లాంటి ఇండ్ల నుంచే వచ్చింది.

నీలగిరి_కుర్రాడు (నల్లగొండ)

పెద్దాయనా, మీ మాటలు మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె మేనమామ కూడా బొంబాయి పోయినవాడేనట, నాకు ఇప్పటిదాకా తెలియదు. మీ మనవడికి థ్యాంక్స్ చెప్పండి, రాయించినందుకు మీకు దండం.

వనపర్తి_నర్సమ్మ (వనపర్తి)

ఆరోగ్యం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. డ్రైవరన్న నిద్ర గురించి చెప్పినట్టే, కొన్ని జబ్బులు వచ్చిన మనిషికి తెలియవు, పక్క మనిషికే కనిపిస్తాయి.

సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమికి. ఎండలు ముదిరే కాలం. రాళ్ళ దారిలో నడిచి లోయలోకి దిగాలి, మళ్ళీ ఎక్కాలి. "వత్తన్నం లింగమయ్యా" అనుకుంటూ ఊపు మీద నడిచేవాళ్ళు దాహం సంగతి మరచిపోతారు. వడదెబ్బ తగిలిన మనిషి "నాకేం కాలేదు" అనే అంటాడు. కానీ మాట తడబడుతుంది, అడిగినదానికి పొంతన లేని జవాబు వస్తుంది, నడక తప్పుతుంది, ఒళ్ళు కాలిపోతుంటుంది. పక్క మనిషి అది గుర్తుపట్టి వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి విసరాలి. తెలివిలో ఉంటే కొంచెం కొంచెం నీళ్ళు పట్టాలి. తెలివి లేకపోతే నోట్లో నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 108కి ఫోన్ చేయాలి, సిగ్నల్ లేకపోతే ఒకరు పరుగెత్తి మనుషులను పిలవాలి.

పాము కాటు కూడా అంతే. కాటు పడ్డ మనిషి నడవకూడదు, పరుగెత్తితే అసలే ప్రమాదం. కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం వద్దు. విరిగిన కాలికి కట్టినట్టు కర్ర ఆనించి కదలకుండా చేసి, ఉంగరాలు, పట్టీలు తీసేసి, మోసుకుని ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఒంటరి మనిషికి ఇవి సాధ్యమయ్యే పనులేనా?

ఇక షుగర్ ఉన్నవాళ్ళు. మందు వేసుకుని తిండి ఆలస్యమైతే చెమటలు, వణుకు, ఊరికే చిరాకు. పక్కవాళ్ళు "ఈయనకు కోపం ఎక్కువైంది" అనుకుంటారు. తెలిసిన తోడైతే వెంటనే చక్కెరో గ్లూకోజో నోట్లో వేస్తుంది. మీ మందుల పేర్లు, మోతాదు రాసిన చీటీ మీ జేబులో ఒకటి, మీ తోడు జేబులో ఒకటి ఉండాలి.

సాగర్_లాంచీ (నాగార్జునసాగర్)

నర్సమ్మ గారి మాటకు ఒకటి కలుపుతా. సోమశిల అంటున్నావు కదా తమ్ముడూ, కృష్ణలో ఒక్కడివే దిగకు. పైకి నీళ్ళు నిలకడగా కనిపిస్తాయి, రెండు అడుగులు వేస్తే లోతు. ఈత వచ్చినా సరే, ఒడ్డున ఒక మనిషి ఉండాలి. ఒడ్డున ఉన్నవాడు కూడా దూకేయకూడదు. తాడు, తువ్వాలు, కర్ర, ఖాళీ క్యాన్ ఏది ఉంటే అది అందించాలి. లాంచీ ఎక్కితే లైఫ్ జాకెట్ బకిల్ సరిగ్గా పడిందో లేదో ఒకరిది ఒకరు లాగి చూసుకోండి.

కోస్గి_కుమార్ (కోస్గి)

ముగ్గురు కలిసి బయలుదేరకూడదంటారు కదా, మా నానమ్మ ముగ్గురం పోతుంటే నాలుగో మనిషని చెప్పి చేతిలో ఒక రాయి పెట్టి పంపేది. దానికి ఏమైనా అర్థం ఉందా?

దేవరకొండ_టీచర్ (దేవరకొండ)

@కోస్గి_కుమార్ శకునం సంగతి నాకు నమ్మకం లేదు. కానీ ముగ్గురు పోతే ఇద్దరు ఒకటై మూడోవారు విడిగా మిగలడం చాలాసార్లు చూశాను. బస్సు సీటు దగ్గర నుంచే అది మొదలవుతుంది. సీట్లు వంతులవారీగా మార్చుకుంటే ముగ్గురైనా బాగానే ఉంటుంది.

నీలగిరి_కుర్రాడు (నల్లగొండ)

తోడు కావాలని ఒప్పుకున్నా. ఇప్పుడు ఎవరు అన్నదే ప్రశ్న. మా మేనబావ సిద్ధమే, కానీ 9 కొట్టందే లేవడు, ఫోన్ వదలడు. మా కాలనీలో పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. ఆయనకూ అడవి చూడాలని ఉందట. 61 ఏళ్ళు, మనిషి గట్టిగానే ఉన్నారు. ఎవరైతే మంచిది? ఖర్చులు ఎలా పంచుకోవాలి?

మిర్యాలగూడ_చిట్టా (మిర్యాలగూడ)

ఖర్చు సంగతి నాకు వదిలెయ్. స్నేహాలు చెడేది ఇక్కడే. బయలుదేరే ముందు ఇద్దరూ సమానంగా డబ్బు వేసి ఒక పర్సులో పెట్టండి. పెట్రోలు, గది, తిండి, పార్కింగ్ అన్నీ అందులోంచే. సొంతానికి కొనుక్కునేవి సొంత జేబులోంచి. పర్సు ఒకరి దగ్గర, లెక్క రాసేది రెండోవారు. రాత్రి పడుకునే ముందు సరిచూసుకోవాలి, "తర్వాత చూద్దాంలే" అనొద్దు. సిగ్నల్ లేని చోట ఫోన్‌పే పనిచేయదు, నగదు ఇద్దరి దగ్గరా విడివిడిగా కొంత ఉండాలి. ఇద్దరి సిమ్‌లు వేర్వేరు కంపెనీలవైతే ఇంకా మంచిది, ఒకటి అందని చోట ఇంకొకటి అందొచ్చు. ఇంకో మాట, క్షేత్రాల్లో చాలా సత్రాల్లో ఒంటరి మనిషికి గది ఇవ్వరు. ఇద్దరైతే గది దొరుకుతుంది, అద్దె కూడా సగమవుతుంది.

అడవిదారి (అచ్చంపేట)

మేనబావను వదిలెయ్. 9 గంటలకు లేచే మనిషితో పోతే మిట్టమధ్యాహ్నం మన్ననూర్‌లో ఉంటావు, తిరుగు ప్రయాణంలో గేటు టైముకు అందక టెన్షన్ పడతావు. తోడును చూసుకునేటప్పుడు లేచే వేళ, తినే వేళ, నడిచే వేగం కలవాలి. మిగతావన్నీ సర్దుకుపోవచ్చు.

పెద్దాయనతో అయితే ముందు ఒక ఆదివారం సాగర్ దాకా పోయిరా. అంత దూరం వెనక సీటు మీద ఆయన నడుము తట్టుకుంటుందా, ఎక్కడ ఆపమంటాడు, నీ స్పీడు ఆయనకు సరిపడుతుందా అన్నీ ఒక్క రోజులో తెలిసిపోతాయి. గంటకోసారి ఆపు. హెల్మెట్ ఆయనకు కూడా తప్పనిసరి, నీ పాత హెల్మెట్ ఇవ్వకు, ఆయన తలకు సరిపోయేది కొను.

ఒంటరి_బాటసారి (మహబూబ్‌నగర్)

పెద్దాయనే నయమనిపిస్తోంది నాకు కూడా. అడవిలో, నీళ్ళ దగ్గర తోడు ఉండాలన్న మాట నేనూ ఒప్పుకుంటా. గుళ్ళు, కోటలు, మ్యూజియాలు మాత్రం ఒంటరిగా చూసే హక్కు నేను వదులుకోను. ఇద్దరు కలిసి పోయినా అలంపూర్ లాంటి చోట రెండు గంటలు ఎవరి దారి వారిది అని ముందే చెప్పుకోండి, ఫలానా చెట్టు కింద ఫలానా టైముకు కలుద్దామని. కలిసి వచ్చినంత మాత్రాన ప్రతి రాయీ కలిసే చూడాలని లేదు. ఒక్కరే పోయేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఏ దారిన పోతున్నారో, ఎన్ని గంటలకు ఫోన్ చేస్తారో ఇంట్లో ఒక మనిషికి చెప్పి, ఆ టైము తప్పకండి.

నీలగిరి_కుర్రాడు (నల్లగొండ)

ఆదివారం పెద్దాయనతో సాగర్ పోయొచ్చాను. పొద్దున 5కే గేటు దగ్గర నిలబడి ఉన్నారు. హాలియాలో ఒకసారి, పెద్దవూర దాటాక ఒకసారి ఆగాం. దారి పొడవునా ఏ ఊరికి ఏ పోస్టాఫీసు, ఏ తండాకు వానాకాలంలో ఉత్తరాలు ఎలా చేరేవో చెబుతూనే ఉన్నారు. ఆ రోడ్డు మీద నేను ఎన్నోసార్లు తిరిగాను, అవి నాకు ఊళ్ళ పేర్ల బోర్డులే.

డ్యామ్ కనిపించే చోట బండి ఆపమన్నారు. ఆయన నాన్న దాని మీద కూలి పని చేశారట. సాగర్ డ్యామ్ రాతితో కట్టింది కదా, మనుషులే తల మీద రాళ్ళు మోసుకుని పరంజాల మీదుగా పైకి ఎక్కించేవాళ్ళట. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేశారని బడిలో చదివాను, అంతకుమించి నాకేం తెలియదు. "మా నాయనకు కుడి భుజం చివరిదాకా కిందికి వాలే ఉండేది" అన్నారు. తర్వాత బుద్ధవనం చూశాం, అక్కడ మాత్రం ఎవరి దారిన వాళ్ళం తిరిగాం. వచ్చేటప్పుడు నేను కొంచెం తొందరపడుతుంటే వెనక నుంచి భుజం మీద రెండుసార్లు తట్టారు, స్పీడు తగ్గించాను.

శ్రీశైలం ఆయనతోనే పోతున్నా. పర్సు ఆయన దగ్గర, లెక్క నా దగ్గర.

హైవే_డ్రైవర్ (నార్కట్‌పల్లి)

భుజం తట్టే మనిషి దొరికాడు, ఇక ధైర్యంగా పో. సాయంత్రం 6 లోపే మన్ననూర్ దాటేలా చూసుకో, 9 దాకా టైముంది కదా అని ఆగకు. చీకట్లో అడవి జంతువులు రోడ్డు మీదికి వస్తాయి.

వలసబాట (నారాయణపేట)

ఆ పోస్టాఫీసు పెద్దాయనకు నా నమస్కారం చెప్పు. ఆయన నాన్న ఏ ఊరి గుంపులో పని చేశాడో అడిగి రాయి బాబూ. మా వాళ్ళు కూడా అక్కడ ఉన్నారు.

హుజూర్‌నగర్_శ్రీను (హుజూర్‌నగర్)

దారి మళ్ళిస్తున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మానాన్నలను మిర్యాలగూడ నుంచి నారాయణాద్రిలో తిరుపతి తీసుకుపోవాలి. నాన్నకు 66, అమ్మకు 60. ముగ్గురికీ కలిపి టికెట్ చేస్తే ఇద్దరికీ పై బెర్తులు వచ్చాయి. తోడు పోతున్నందుకు వాళ్ళకు కష్టం వచ్చినట్టుంది. ఏం చేయాలి?

మిర్యాలగూడ_చిట్టా (మిర్యాలగూడ)

శ్రీను అన్నా, పెద్దవాళ్ళకు ఛార్జీలో రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది కానీ లోయర్ బెర్త్ కోటా ఉంది. మగవాళ్ళకు 60, ఆడవాళ్ళకు 45 ఏళ్ళు నిండాలి. ఒక టికెట్ మీద ఒక్కరు గానీ ఇద్దరు గానీ ఉంటేనే ఆ కోటా వర్తిస్తుంది. మూడో మనిషిగా నువ్వు అదే టికెట్‌లో చేరితే పోతుంది. కాబట్టి అమ్మానాన్నలకు సీనియర్ సిటిజన్ కోటాలో ఒక టికెట్ చెయ్యి, నీకు అదే రైల్లో, అదే క్లాసులో వేరే టికెట్ తీసుకో. బోగీ వేరైతే ఎక్కాక టీటీఈని అడుగు, ఖాళీ ఉంటే సర్దుతారు. ఇంకో విషయం, క్యాన్సర్ రోగులను చికిత్సకు తీసుకుపోయేటప్పుడు రోగితో పాటు తోడు వెళ్ళే ఒక మనిషికి కూడా రైలు ఛార్జీలో రాయితీ ఉంది. డాక్టర్ దగ్గర రైల్వే ఫారం మీద సర్టిఫికెట్ రాయించుకోవాలి. మన దిక్కు చాలామంది అది తెలియక ఇద్దరికీ పూర్తి ఛార్జీ పెట్టి పోతున్నారు, తెలిసినవాళ్ళకు చెప్పండి.